మూడు నెలల్లో క్లౌడ్, నోఎస్‌క్యూఎల్ నేర్పిస్తారట. చేరాలా వద్దా? చింతపండు లెక్క పోగొట్టినవాడి మాట

 

పోస్టు పెద్దది, ముందే చెప్తున్నా. సిగ్నల్ ఉన్నప్పుడు ఓపెన్ చేసి పెట్టుకోండి, తర్వాత తీరిగ్గా చదవొచ్చు.

పోయిన వారం మన గ్రూపులో ఒక పాంప్లెట్ ఫొటో తిరిగింది. "గిరిజన యువతకు ఉచిత శిక్షణ, క్లౌడ్ నేటివ్ అప్లికేషన్లు, నోఎస్‌క్యూఎల్ డేటాబేస్, 90 రోజులు, ఉద్యోగం గ్యారంటీ" అని. దాని కింద 140 కామెంట్లు. సగం మంది "అన్నా లింక్ పెట్టు" అన్నారు. మిగతా సగం "ఇవన్నీ మనకెందుకురా, గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదువుకోండి" అన్నారు. ఒక చెల్లి మాత్రం "నోఎస్‌క్యూఎల్ అంటే ఏంటన్నా, ఎవరైనా మనకి అర్థమయ్యేలా చెప్పండి" అని అడిగింది. ఆమెకి ఒక్కరూ జవాబు ఇవ్వలేదు. ఈ పోస్టు ముందు ఆ చెల్లి కోసం.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది పాడేరు ఏజెన్సీ. గురుకులంలో చదువుకున్నా, తర్వాత పాలిటెక్నిక్, తర్వాత బీటెక్. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో బ్యాకెండ్ డెవలపర్‌ని, ఆరేళ్లయింది. రోజూ చేసే పని ఇదే, క్లౌడ్ మీద నడిచే అప్లికేషన్లు, వాటి వెనక నోఎస్‌క్యూఎల్ డేటాబేసులు. కాబట్టి "మనకెందుకు" అనేవాళ్లతో నేను ఒప్పుకోను. అలాగని ఆ పాంప్లెట్ చూసి పరిగెత్తమనీ అనను. ఆ రకం శిక్షణలో నేర్చుకునే నేను మా ఊరి ఆడవాళ్ల చింతపండు లెక్క పోగొట్టాను. ఆ కథ కిందకి వస్తుంది.

ముందు క్లౌడ్ నేటివ్ సంగతి. పేరు పెద్దది గానీ విషయం మనకి తెలిసిందే. పోడు చేలో కాపలాకి మంచె వేస్తాం కదా. గాలివానకి మంచె పడిపోతే ఎవరైనా ఏడుస్తారా? నాలుగు కర్రలు నరికి మధ్యాహ్నానికల్లా ఇంకోటి లేపుతాం. పందులు ఎక్కువొస్తే రెండో మంచె, మూడో మంచె వేస్తాం. కోత అయిపోయాక పీకేస్తాం. మంచె పడితే మనకి బాధ ఎందుకు లేదంటే, ధాన్యం మంచె మీద పెట్టం. ధాన్యం ఇంటి దగ్గర గాదెలో ఉంటుంది.

క్లౌడ్ నేటివ్ అంటే ఇదే పద్ధతి. మనం రాసిన ప్రోగ్రామ్ మంచె లాంటిది. అది ఏ నిమిషంలోనైనా కూలిపోతుంది అనుకునే రాయాలి. కూలితే ఇంకోటి లేవాలి, జనం ఎక్కువైతే పది లేవాలి, జనం తగ్గితే తగ్గాలి. ఆ ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సిన సామానుతో సహా మూట కట్టి ఎక్కడికైనా మోసుకెళ్లేలా చేసేది కంటైనర్. 2013లో డాకర్ వచ్చాక ఇది అందరికీ తేలికైంది. ఏ మూట పడిపోయింది, ఎన్ని లేపాలి అని చూసుకునే మేస్త్రీ కుబర్నెటిస్, గూగుల్ వాళ్లు 2014లో బయటపెట్టారు. ఇక యూజర్ పేరు, అతని లెక్క, ఫొటో, ఇలాంటి పోకూడనివేవీ ప్రోగ్రామ్ దగ్గర దాచకూడదు. అవి గాదెకి పోవాలి. గాదె అంటే డేటాబేస్.

మంచె సంగతి రెండు రోజుల్లో నేర్చుకోవచ్చు. అసలు కష్టమంతా గాదె దగ్గరే. మంచె పడినా పర్వాలేదు గానీ గాదె పోతే ఏం తింటాం?

గాదె పోకుండా ఏం చేస్తారంటే, ఒకటి కాదు, మూడు గాదెలు కడతారు. అదే ధాన్యం మూడు చోట్లా ఉంటుంది. ఒకటి తగలబడినా రెండు మిగులుతాయి. బానే ఉంది. కానీ ఇక్కడే చిక్కు మొదలవుతుంది. మూడు గాదెల మధ్య దారి తెగిపోయిందనుకోండి. ఒక గాదెలో కొత్తగా రెండు బస్తాలు పోశారు, మిగతా రెండింటికీ ఆ కబురు అందలేదు. ఇప్పుడు ఎవరైనా వచ్చి "ఎన్ని బస్తాలున్నాయి" అని అడిగితే ఏం చెప్పాలి? కబురు అందేదాకా "ఆగండి, చెప్పలేం" అనాలి, లేకపోతే తెలిసినంతలో చెప్పి, అది తప్పు కావొచ్చని ఒప్పుకోవాలి. దారి తెగినప్పుడు ఈ రెండింట్లో ఒకటే కుదురుతుంది. ఈ మాట 2000లో ఎరిక్ బ్రూవర్ అనే ప్రొఫెసర్ చెప్పాడు, రెండేళ్లకి గిల్బర్ట్, లించ్ అనే ఇద్దరు దాన్ని లెక్క కట్టి నిరూపించారు. ఇంటర్వ్యూల్లో క్యాప్ సిద్ధాంతం అని అడిగేది దీన్నే.

హైదరాబాద్ పిల్లలకి ఈ పాఠం చెప్పినప్పుడు నేను చూశాను, వాళ్లకి "దారి తెగడం" అంటే ఎప్పుడో జరిగే వింత. మనకి? ఘాట్ రోడ్డు మూడో మలుపులో సిగ్నల్ పోతే మళ్లీ సంత దగ్గరే. కరెంటు పోతే టవరూ పోతుంది. ఫోన్‌లో మెసేజ్ రాసి, కొండ ఎక్కి, చెయ్యి పైకెత్తి పంపినోళ్లం. మనం పుట్టిందే తెగిన దారుల్లో. ఈ విద్య మనకి ఎవరికన్నా ముందు అర్థం కావాలి. "మనకెందుకు" అనేవాళ్లకి నా మొదటి జవాబు ఇదే.

ఇక నోఎస్‌క్యూఎల్. 1970లో ఐబీఎంలో కాడ్ అనే ఆయన డేటాని పట్టికల్లో పెట్టే పద్ధతి చెప్పాడు. వరసలు, గడులు. ఆ పట్టికలతో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్. ఇప్పటికీ బ్యాంకులు, ఆఫీసులు, ప్రపంచంలో చాలా భాగం దాని మీదే నడుస్తోంది. అయితే 2000 తర్వాత గూగుల్, అమెజాన్ లాంటి వాళ్లకి వచ్చిన డేటా ఒక మెషిన్‌లో పట్టలేదు. గూగుల్ 2006లో బిగ్‌టేబుల్ గురించి, అమెజాన్ 2007లో డైనమో గురించి పేపర్లు రాసి బయటపెట్టారు. ఆ డైనమో పేపర్ రాసినవాళ్లలో ఒకరు అవినాష్ లక్ష్మణ్. ఆయనే ఫేస్‌బుక్‌కి వెళ్లి ప్రశాంత్ మాలిక్‌తో కలిసి, ఇన్‌బాక్స్‌లో మెసేజ్‌లు వెతకడం కోసం కసాండ్రా తయారుచేశాడు. 2008లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. పేర్లు ఎందుకు చెప్తున్నానంటే, ఇవి పైనుంచి ఊడిపడలేదు. మనలాంటి దేశం నుంచి పోయినవాళ్లే ఒక కష్టం ఎదురైతే కూర్చుని కట్టారు.

మోంగోడీబీ ఇంకో రకం. పట్టిక కాకుండా ఒక్కో విషయాన్ని ఒక్కో కాగితంలా దాస్తుంది. మన సరుకుతో చెప్తా. తేనెకి తేమ ఎంతో రాయాలి. తపసి జిగురుకి గ్రేడు రాయాలి. చింతపండుకి పిక్కతోనా, పిక్క తీసిందా అని రాయాలి. అడ్డాకులకి కట్టలు. కాఫీకి పండా, పార్చ్‌మెంటా. ఇవన్నీ ఒకే పట్టికలో పెడితే సగం గడులు ఖాళీ. అదే ఒక్కో సరుక్కి దానికి కావాల్సిన వివరాలతో ఒక్కో కాగితం అనుకుంటే హాయి. ఇదీ దాని సుఖం.

ఈ సుఖం చూపించే మోసం చేస్తారు. "నోఎస్‌క్యూఎల్‌లో డిజైన్ అక్కర్లేదు, ఎలా కావాలంటే అలా పడేయొచ్చు" అంటారు. నాకూ అలాగే చెప్పారు. చెల్లీ, ఎవరైనా క్లాసులో ఈ మాట అంటే లేచి వచ్చెయ్. నిజం దీనికి పూర్తిగా తలకిందులు. ఎస్‌క్యూఎల్‌లో ముందు డేటా సర్దుకుంటాం, తర్వాత ఏ ప్రశ్న అయినా అడుక్కోవచ్చు. కసాండ్రా లాంటి దాంట్లో ముందు ప్రశ్నలు రాసుకోవాలి. "ఈ మనిషి ఈ సీజన్‌లో ఎంత అమ్మింది?" ఒక ప్రశ్న. "ఈ సంతలో ఈ రోజు ఎంత సరుకు వచ్చింది?" ఇంకో ప్రశ్న. రెండు ప్రశ్నలకీ రెండు పట్టికలు, అదే సమాచారం రెండు చోట్లా రాయాలి. ప్రశ్న తెలియకుండా డిజైన్ చేస్తే ఆర్నెల్ల తర్వాత మొత్తం పీకి మళ్లీ కట్టాలి. కంపెనీలో ఈ పని నేను రెండుసార్లు చేశాను. ఒకసారి అయితే తప్పు నాదే.

పార్టిషన్ కీ అనే ముక్క ఒకటుంది. ఇంటర్వ్యూలో అందరూ తడబడేది ఇక్కడ. సంతలో పది కాటాలు ఉన్నాయనుకోండి. "చింతపండు తెచ్చినవాళ్లంతా ఒకటో కాటా దగ్గరికి రండి" అని కేకేస్తే చింతపండు సీజన్‌లో ఏమవుతుంది? ఒకటో కాటా దగ్గర సాయంత్రం దాకా లైను. మిగతా తొమ్మిది కాటాల వాళ్లు ఈగలు తోలుకుంటారు. అదే "సభ్యత్వం నంబరు చివరి అంకె ప్రకారం నిలబడండి" అంటే పదీ సమానంగా నడుస్తాయి. ఏ అంకె చూసి ఏ కాటాకి పంపాలి అని తేల్చేదే పార్టిషన్ కీ. ఇంతే. ఇది నాకు నాలుగు నెలల కోర్సులో ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక రాత్రి రెండింటికి సర్వర్ ఒకటి మూలుగుతుంటే నేర్చుకున్నా.

ఇప్పుడు ఆ కోర్సు సంగతి. బీటెక్ అయ్యాక విశాఖలో ఒక కోచింగ్ సెంటర్లో చేరాను. పేరు అనవసరం, అలాంటివి వీధికి నాలుగున్నాయి. 28 వేలు కట్టాను. అమ్మ పసుపు అమ్మిన డబ్బు, దానికి పైన కొంత అప్పు. మొదటి వారం మోంగో ఇన్‌స్టాల్ చేయడం. రెండో వారం నుంచి సారు స్క్రీన్ మీద టైపు చేస్తారు, మేం చూసి టైపు చేస్తాం. చివరికి "చేయాల్సిన పనుల జాబితా" అనే ఒక అప్లికేషన్ వచ్చింది. అరవై మంది దగ్గరా అదే అప్లికేషన్, అందులో తప్పులు కూడా అవే. చివరి వారం క్లౌడ్‌లో పెట్టాం. అంటే సారు చెప్పిన బటన్లు నొక్కాం. సర్టిఫికెట్ ఇచ్చారు. దాని మీద నా ఇంటిపేరు తప్పు.

ఆ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఎవరూ ఒక మెషిన్ ఆపేసి "ఇప్పుడు ఏమవుతుందో చూడండి" అనలేదు. నెట్ తీసేసి చూపించలేదు. ఇద్దరు ఒకేసారి ఒకే విషయం మారిస్తే ఏమవుతుందో అడగలేదు. కూలిపోయే మెషిన్ల కోసం పుట్టిన విద్యని ఏదీ కూలకుండా నేర్పించారు. ఈత పుస్తకంలో నేర్పినట్టు.

దాని ఫలితం మా ఊళ్లో తేలింది.

ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది. ఊరికి ఏదో చేయాలని ఉబలాటం. మా వైపు ఒక మహిళా సంఘం అటవీ ఫలసాయం కలిపి కొని, కలిపి అమ్ముతుంది. లెక్క అంతా నోటు పుస్తకంలో. నేను వెళ్లి "యాప్ చేసిస్తా" అన్నాను. సంఘం లీడర్ అక్క దగ్గర ఒక ఫోను, ఇంకో ఊళ్లో తూకం వేసే అక్క దగ్గర ఇంకో ఫోను. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో రాసుకుంటుంది, సిగ్నల్ రాగానే క్లౌడ్‌లో ఉన్న మోంగోకి పంపేస్తుంది. నాకు గర్వంగా ఉండేది. మా మేనేజర్‌కి కూడా చూపించాను.

ఒక్కో సభ్యురాలికి ఒక కాగితం పెట్టాను. అందులో పేరు, ఊరు, "మొత్తం కిలోలు". తూకం వేసినప్పుడల్లా ఫోన్ ఆ మొత్తానికి కలిపి కొత్త మొత్తం రాస్తుంది. ఇందులో తప్పు ఎక్కడుందో కోడు రాయడం వచ్చినవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి, తర్వాతే కిందకి రండి.

ఒక మామ్మ ఉంది, సంఘంలో అందరికన్నా పెద్దది. ఆమె మొత్తం 40 కిలోలు ఉంది. ఉదయం మా ఊళ్లో 38 కిలోలు తూకం వేయించింది. మొదటి ఫోన్‌లో 78 అయింది. సాయంత్రం కూతురి ఊళ్లో ఉంచిన 26 కిలోలు అక్కడ తూకం వేయించింది. రెండో ఫోన్‌కి ఉదయం సంగతి తెలీదు, సిగ్నల్ లేదు కదా. దాని లెక్కలో 40కి 26 కలిపి 66. రాత్రి మొదటి ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది, 78 పంపింది. మర్నాడు రెండో ఫోన్‌కి వచ్చింది, 66 పంపింది. చివరికి వచ్చిందే మిగిలింది. ఉండాల్సింది 104. ఉన్నది 66. మామ్మవి 38 కిలోలు గాల్లో కలిసిపోయాయి.

డబ్బులు పంచే రోజు మామ్మ ఒప్పుకోలేదు. ఆమెకి చదువు రాదు. ఇంటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంది, తూకానికి ఒక వరస. లీడర్ అక్క "ఫోన్‌లో ఇంతే ఉంది మామ్మా" అంది. నాకు ఫోన్ చేశారు. నేనేం అన్నానో తెలుసా? "కంప్యూటర్ తప్పు చెప్పదు మామ్మా, నువ్వే మర్చిపోయుంటావు" అన్నాను. మామ్మ అట్నుంచి "బాబూ, షావుకారి పుస్తకం కూడా ఇలాగే చెప్పేది" అని ఫోన్ లీడర్ అక్క చేతిలో పెట్టేసింది.

ఆ రాత్రి కూర్చుని లాగులన్నీ వెతికాను. 38 కనపడింది. మామ్మ ఒక్కతే కాదు, ఇంకో పదకొండు మందివి అలాగే పోయాయి. వాళ్లెవరికీ గోడ గీతలు లేవు, అడగలేదు. నా జీతంలోంచి లెక్క సరిచేశాను, క్షమాపణ చెప్పాను. సంఘం మాత్రం మళ్లీ నోటు పుస్తకానికే వెళ్లిపోయింది, అది వాళ్ల హక్కు.

మన పెద్దవాళ్ల భూములు పోయింది కత్తికి భయపడి కాదు కదా, చాలాచోట్ల పుస్తకంలో లెక్క రాసినవాడు వేరే కావడం వల్ల. 1917లో తెల్లదొరల ప్రభుత్వమే ఏజెన్సీలో వడ్డీల మీదా భూ బదిలీల మీదా చట్టం తేవాల్సి వచ్చింది. తర్వాత 1959 నిబంధనలు, వాటిని గట్టి చేస్తూ 1970లో మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునే చట్టం. ఇన్ని చట్టాలొచ్చాక మన బిడ్డే వచ్చి, మంచి మనసుతోనే, లెక్క పోగొట్టాడు. దొంగతనం లేదు, దురాశ లేదు. విద్య సగమే వచ్చింది, అంతే. అందుకే నాకు "90 రోజులు" అనే మాట చూస్తే భయం.

సరిచేయడం ఎంత తేలికో తెలిస్తే ఇంకా కోపం వస్తుంది. "మొత్తం" అనేది అసలు రాయకూడదు. ప్రతి తూకాన్నీ వేరే కాగితంగా రాయాలి, దానికి ఫోన్‌లోనే ఎవరితోనూ కలవని ఒక నంబరు ఇవ్వాలి. ఏ ఫోన్ ముందొచ్చినా, ఏది వెనకొచ్చినా, ఒకటే రెండుసార్లు వచ్చినా, నంబరు చూసి ఒకసారే లెక్కేస్తాం. మొత్తం కావాలంటే అప్పుడు కూడుకుంటాం. మామ్మ గోడ మీద చేసింది సరిగ్గా ఇదే. పాత గీత చెరిపి కొత్త గీత గీయలేదు. ప్రతి తూకానికీ కొత్త వరస.

"అయితే తప్పు మోంగోదా?" అని అడగొద్దు. ఎస్‌క్యూఎల్‌లో ఇలా రాసినా ఇదే జరిగేది. కౌచ్‌డీబీ అని ఒకటుంది, అదైతే ఇలా ఇద్దరు మార్చినప్పుడు రెండు కాపీలూ దాచి ఉంచుతుంది, పైకి మాత్రం ఒకటే చూపిస్తుంది. రెండోది ఉందా అని మనం అడగాలి. కసాండ్రా అయితే టైమ్ చూసి చివరిదాన్ని ఉంచుతుంది, మొదటిదాన్ని మరిచిపోతుంది. ఇక ఆ టైమ్ ఫోన్ గడియారంలోంచి తీసుకుని, ఫోన్‌లో తేదీ తప్పుంటే మీ పని అంతే. పనిముట్టు ఏదైనా దాని గుణం తెలియాలి. ఇంకో నిజం కూడా చెప్పేస్తా, మా సంఘానికి అసలు క్లౌడ్ డేటాబేసే అక్కర్లేదు. ఆ లెక్క మొత్తం ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ముందే ఉండే ఎస్‌క్యూలైట్‌లో ఒక మూల పడుతుంది. నేను గొప్ప కోసం పెద్ద గొడ్డలి పట్టుకెళ్లి పుల్ల నరికాను.

సరే, ఇక ఆ పాంప్లెట్ దగ్గరికి వద్దాం.

నా అభిప్రాయం ఏంటంటే, ఈ విద్య మన పిల్లలకి రావాలి, కానీ ఎస్‌క్యూఎల్ రాకుండా నోఎస్‌క్యూఎల్ నేర్పేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. మొదటి రెండు నెలలు పట్టికలే. పోస్ట్‌గ్రెస్ ఉచితం, 2014 చివర్లో వచ్చిన దాని 9.4 వెర్షన్ నుంచి కాగితాల పద్ధతి కూడా బానే చేస్తుంది. మోంగో కూడా 2018లో, తన 4.0 వెర్షన్‌లో, నాలుగైదు కాగితాలు కలిపి ఒకేసారి మార్చే పద్ధతి తెచ్చుకుంది. ఇది దాన్నీ అది దీన్నీ చూసి నేర్చుకుంటున్నాయి. ఒకటే వచ్చినవాడికి రెండోది ఎప్పుడు వాడాలో తెలీదు.

శిక్షణ ఇచ్చేవాళ్లని చేరేముందు ఒక ప్రశ్న అడగండి. "సార్, క్లాసులో మెషిన్ ఆపేసి చూపిస్తారా?" అని. మూడు మెషిన్ల మీద కసాండ్రా పెట్టి, ప్రతి విషయం మూడు చోట్లా రాయించి, ఒకదాని వైరు పీకాలి. అప్పుడు రాయడం, చదవడం నడుస్తుందో లేదో పిల్లలు కళ్లారా చూడాలి. మూడింట్లో రెండు ఒప్పుకుంటే చాలు అని పెడితే నడుస్తుంది. మూడూ ఒప్పుకోవాలి అని పెడితే ఆగిపోతుంది. ఈ ఒక్క గంట నా నాలుగు నెలలకన్నా ఎక్కువ. ఆయన "అవన్నీ అడ్వాన్స్‌డ్" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

"ఉద్యోగానికి రెజ్యూమేలో పేర్లు ఉంటే చాలు, ఇంత లోతు ఎందుకు" అని నాతోపాటు చదివిన తమ్ముడొకడు అన్నాడు. వాడి మాట పూర్తిగా తీసేయలేను. రెజ్యూమే వడపోతలో ఆ పేర్లే చూస్తారు, నిజం. కానీ లోపలికి పిలిచాక నన్ను అడిగినవాటిలో ఒక్కటీ "ఎలా ఇన్‌స్టాల్ చేస్తారు" అని లేదు. "ఈ కీ ఎందుకు పెట్టారు, ఒకేసారి ఇద్దరు రాస్తే ఏమవుతుంది" అన్నారు. నాకు ఉద్యోగం వచ్చింది అదృష్టం కొద్దీ, మొదటి ఐదు కంపెనీలు ఈ ప్రశ్నల దగ్గరే పంపేశాయి. ఇప్పుడు నేను అటువైపు కూర్చుని ఇంటర్వ్యూ చేస్తున్నా. చింతపండు కథ చెప్పి "ఎలా సరిచేస్తావు" అని అడుగుతా. చెప్పగలిగినవాడి సర్టిఫికెట్ నేను చూడను.

మన పిల్లలకి ఇంకో రకం ఇబ్బందులున్నాయి, వాటి గురించి ఏ పాంప్లెట్‌లోనూ ఉండదు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో మూడు కసాండ్రాలు లేవవు, మెషిన్ బిగుసుకుపోతుంది. హాస్టల్ పిల్లలకి అదీ లేదు. ఏడబ్ల్యూఎస్ ఖాతా తెరవాలంటే కార్డు అడుగుతుంది. నాన్న కార్డు పెట్టి, సర్వర్ ఆపడం మర్చిపోయి, నెలాఖరికి బిల్లు వస్తే ఆ ఇంట్లో ఇక ఎవరినీ కంప్యూటర్ ముట్టనివ్వరు. కార్డు ఇచ్చేముందు బిల్లు హెచ్చరిక పెట్టుకోవడం మొదటి పాఠం కావాలి. మోంగో వాళ్ల అట్లాస్‌లో 512 ఎంబీ దాకా ఉచితం, నేర్చుకోవడానికి అది ఎక్కువే. మోంగోడీబీ యూనివర్సిటీ పాఠాలూ ఉచితమే, కాకపోతే ఇంగ్లీషు. ఇంట్లో కువి, కోయ, గోండి, ఆదివాసీ ఒడియా మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకుని, ఇప్పుడు మూడో భాషలో "పార్టిషన్" అంటే ఎంతమందికి ఎక్కుతుంది? అందుకే నేను కాటాలూ గాదెలూ అంటున్నా. వెక్కిరించేవాళ్లు వెక్కిరించనీ.

కాబట్టి ఐటీడీఏ అధికారుల్ని కలిసే మన సంఘాల నాయకులకి ఒక మనవి. "శిక్షణ ఇవ్వండి" అని వినతిపత్రం రాయొద్దు. అలా అడిగితే ఏదో ఒక ఏజెన్సీకి 90 రోజుల కాంట్రాక్టు ఇచ్చి, ఫొటోలు తీసి, అయిపోయిందంటారు. తొమ్మిది నెలలు అడగండి. పదహారు జీబీ మెషిన్లు పది ఉన్నా చాలు, ముప్పై మంది వంతులవారీగా చేసుకోవచ్చు. ఆడపిల్లలకి అదే ప్రాంగణంలో వసతి అడగండి, సాయంత్రం ఆరు దాటితే బస్సు లేని ఊళ్లు మనవి. పనిచేస్తున్న డెవలపర్లు వారానికి ఒకసారైనా వచ్చి పిల్లల కోడు చదవాలని రాయించండి. మనవాళ్లే హైదరాబాద్, బెంగళూరులో కొంతమందిమి ఉన్నాం, డబ్బులు అడగం.

ప్రాజెక్టు మాత్రం "చేయాల్సిన పనుల జాబితా" వద్దు. మన సమస్య ఇవ్వండి. అటవీ హక్కు పట్టాల దరఖాస్తులు తీసుకోండి. 2006 చట్టం ప్రకారం ఒక్కో హక్కుదారుకి నాలుగు హెక్టార్లకి మించి ఇవ్వరు, అది ఒక నిబంధన. మనిషి పేరు ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, పట్టాలో ఇంకొకటి. కిల్లో అనే ఇంటిపేరుని ఒకచోట "కిలో" అని రాస్తారు, నవ్వొస్తుంది గానీ దాని వల్ల డబ్బు ఖాతాలో పడదు. ఫారంలో డోర్ నంబరు తప్పనిసరి, మన గూడేల్లో తలుపులే ఉంటాయి, నంబర్లుండవు. ఒకే పేరుతో ఒకే మండలంలో రెండు ఊళ్లు. వీటన్నిటికీ సరిపోయే కాగితం ఎలా గీయాలి? ఒకే మనిషి అని ఎలా తేల్చాలి? తేల్చలేనప్పుడు చెరిపేయకుండా రెండూ ఎలా ఉంచాలి? డేటా మోడలింగ్ అంటే ఇదే, దీనికి మించిన పాఠం ఏ కంపెనీ పుస్తకంలోనూ లేదు. ఆ ఫారం గీసినవాడు ఎప్పుడూ మన గూడెం చూడలేదు. గీసేవాళ్లలో మనవాళ్లు ఇద్దరున్నా డోర్ నంబరు దగ్గర ఆ ఎర్ర చుక్క తీసేస్తారు.

గోండులకి గుంజాల గ్రామంలో దొరికిన లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. అంటే ఇప్పుడు డేటాబేస్‌లో గోండి పేరు గోండి అక్షరాల్లోనే దాచొచ్చు. కంప్యూటర్‌కి అభ్యంతరం లేదు. ఫారం గీసేవాడికి తెలియాలి, అంతే.

చెల్లీ, నువ్వు అడిగినదానికి జవాబు వచ్చిందనుకుంటున్నా. రాకపోతే కింద అడుగు, ఈసారి నేను చూసుకుంటా. పాంప్లెట్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేసి మెషిన్ ఆపే సంగతి అడిగినవాళ్లుంటే, వాళ్లేమన్నారో ఇక్కడ రాయండి.

నేను ఇటుకల పండక్కి ఊరొస్తున్నా, నాలుగు రోజులుంటా. పాడేరు చుట్టుపక్కల వాళ్లు ల్యాప్‌టాప్ ఉంటే తెచ్చుకోండి, లేకపోతే ఉత్త చేతులతో రండి, నా దగ్గర రెండున్నాయి. ఆ పాత యాప్ కోడు మార్చకుండా అలాగే ఉంచాను, పెన్‌డ్రైవ్‌లో తెస్తా. చింతపండు తప్పు కాకుండా అందులో ఇంకో మూడు తప్పులున్నాయి, అవి ఎక్కడో చెప్పను. మామ్మ గోడ కూడా చూపిస్తా, పండక్కి సున్నం వేసేయకపోతే.